కారం చేతుల ఆర్డరు

మొదటి ప్రశ్న

గ్రంథాలయ ఉద్యోగంలో కొత్తగా చేరేవాళ్ళకు ముందుగా ఒక మాట చెప్పాలి. మొదటి రోజు మిమ్మల్ని ఎవరూ పుస్తకాల గురించి అడగరు. నేను మిరప పండే ఆ ఊరి శాఖా గ్రంథాలయానికి బదిలీ మీద వెళ్ళి, తాళం తీసి, బల్లలు తుడుచుకుంటూ ఉంటే తెల్ల చొక్కా పెద్దాయన ఒకరు లోపలికి వచ్చారు. కుర్చీ లాక్కుని కూర్చుని నన్ను ఎగాదిగా చూశారు.

"ఏ ఊరమ్మాయ్ మనది?"

"నల్లపాడండీ."

"నాన్నగారేం చేస్తారు?"

"చర్చి బళ్ళో టీచరుగా చేసి రిటైరయ్యారండీ."

చర్చి అన్న మాట దగ్గర ఆయనకు కావలసింది దొరికింది. "సరే సరే, మంచిది" అని పేపరు అందుకున్నారు. కులం పేరు ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. అయినా మధ్యాహ్నానికి ఊరందరికీ తెలిసిపోయింది.

ఆయన వెంకటేశ్వర్లు గారు, మాజీ సర్పంచి. మనిషి చెడ్డవారు కాదు. కరెంటు పోతే తన ఇంటి నుంచి ఛార్జింగు లైటు పంపించేవారు. లైబ్రరీ మీద ఆయనకు ప్రేమ ఉంది. ఆ ప్రేమలో సగం, లైబ్రరీ తనదేనన్న నమ్మకం.

శిక్షణ తరగతుల్లో మనకు ఒక మాట నూరిపోస్తారు: గ్రంథాలయానికి కులంతో, రాజకీయంతో సంబంధం లేదు అని. వినడానికి ఎంతో బాగుంటుంది. మీరు తాళం తీయకముందే ఆ రెండూ అరుగు మీద కూర్చుని మీ కోసం ఎదురు చూస్తుంటాయి. వాటిని చూడనట్టు నటించడం మన పని కాదని నాకు అర్థమయ్యేసరికి సర్వీసు సగం గడిచింది. మిగతా సగంలో జరిగిన ఒక సంగతి మీకు చెప్పాలని ఇది రాస్తున్నాను. ప్రమోషన్ల సంగతి అడగకండి. రావలసినప్పుడు వచ్చాయి, రానప్పుడు రాలేదు.

పేపర్ల పంచాయితీ

దానికంటే ముందు పేపర్ల సంగతి చెప్తాను. ఎందుకంటే మీకు ఎదురయ్యే మొదటి తలనొప్పి అదే.

మా హాల్లో కిటికీ వైపు బల్ల ఒక పార్టీ వాళ్ళది, బీరువాల వైపు బల్ల ఇంకో పార్టీ వాళ్ళది. ఎవరూ బోర్డు రాసి పెట్టలేదు. అయినా కొత్త మనిషి కూడా పొరపాటున తప్పు బల్ల దగ్గర కూర్చోడు. ఏ పేపరు ఏ బల్ల మీదికి వెళ్తుందో కూడా అంతే. ఒకరి పేపరు ఇంకొకరు ముట్టుకోరు. కానీ అందులో ఏం రాశారో తెలుసుకోకపోతే ఇద్దరికీ నిద్ర పట్టదు. అందుకని నా దగ్గరకొచ్చి, "మేడం గారూ, ఆ చెత్త పేపర్లో ఇయాల ఏం కూశారేంది?" అని అడిగేవాళ్ళు. నేను చదివి చెప్పేదాన్ని. రెండు వైపులా అదే సేవ.

ప్రభుత్వం మారినప్పుడల్లా ఒక ఫోను వచ్చేది. ఫలానా పేపరు ఆపేయండి, ఫలానాది రెండు కాపీలు వేయించండి అని. నేను చాలా వినయంగా, "అట్టాగేనండీ, కాగితం మీద రాసి పంపండి, వెంటనే ఆపేస్తాను" అనేదాన్ని. ఆ కాగితం ఎన్నడూ రాలేదు. ఫోనులో పులిలా మాట్లాడేవాళ్ళు సంతకం దగ్గర పిల్లులైపోతారు. ఈ ఒక్క మాట గుర్తుంచుకుంటే మీ సర్వీసు సగం సుఖంగా సాగుతుంది.

కనిగిరి వైపు పనిచేస్తున్నప్పుడు మా పైఅధికారి ఒకాయన ఇంకో దారి పట్టారు. ఎన్నికలు వస్తున్నాయి, గొడవలెందుకని అన్ని పేపర్లూ ఆపించేశారు. గొడవలు నిజంగానే ఆగిపోయాయి. పాఠకులు కూడా ఆగిపోయారు. అందరూ ఎదురుగా ఉన్న టీకొట్టుకి మకాం మార్చారు. అక్కడ రెండు పేపర్లూ వేయించుకుని, మన హాల్లో కంటే గట్టిగా పోట్లాడుకున్నారు. టీకొట్టతను మాత్రం ఆ ఏడాది షెడ్డు వేయించాడు.

తడి వేలు

ఇక అసలు సంగతి.

మిరపకోతలు మొదలయ్యాయంటే ఆ ఊళ్ళో గాలి కూడా తుమ్ము తెప్పిస్తుంది. కోసిన కాయను కల్లాల్లో ఆరబోస్తారు. తెల్లబడ్డ తాలు కాయలు ఏరి, మంచివి టిక్కీలకు, అంటే గోనె బస్తాలకు ఎత్తి, గుంటూరు యార్డుకు పంపుతారు. పొలంలో కోసేవాళ్ళకూ, కల్లంలో ఏరేవాళ్ళకూ, బేరం కుదిర్చేవాళ్ళకూ అందరి చేతులకూ కారమే. ఆ చేతులతోనే పుస్తకాలు తిప్పుతారు. మాకది అలవాటే. మిరప రోజుల్లో కళ్ళు నలుపుకోకూడదని ఆ ఊళ్ళో పసిపిల్లలకు కూడా తెలుసు.

మా కార్యదర్శి గారికి తెలియదు. జిల్లా కార్యాలయం నుంచి తనిఖీకి వచ్చారు. బీరువాలోంచి ఒక పుస్తకం తీసి, వేలు నాలికకు అద్దుకుని పేజీ తిప్పారు. మళ్ళీ అద్దుకున్నారు, మళ్ళీ తిప్పారు. ఆయనకది చిన్నప్పటి అలవాటట. మూడో పేజీకి నోరు మండి, ఆ కంగారులో అదే వేలితో కన్ను తుడుచుకున్నారు. ఆ తర్వాత కాసేపు తనిఖీ జరగలేదు. నేను నీళ్ళు అందిస్తూ ఉన్నాను, ఆయన కంటి మీద కొట్టుకుంటూ ఉన్నారు. నవ్వకుండా ఉండటం కోసం నేను పడ్డ కష్టం నా సర్వీసు మొత్తంలో ఇంకెప్పుడూ పడలేదు.

వారం తిరగకుండా ఆర్డరు వచ్చింది. ఈసారి కాగితం మీదే వచ్చింది. మిరప పనుల నుంచి వచ్చే పాఠకులు వరండాలో కూర్చుని చదువుకోవాలి, వాళ్ళకు కావలసిన పుస్తకం సిబ్బంది అక్కడికే అందించాలి. పుస్తకాల రక్షణ కోసం. అంతే. ఎక్కడా కులం మాట లేదు. ఎవరికైనా న్యాయంగానే కనిపిస్తుంది.

మర్నాటి నుంచి వరండాలో కూర్చున్నది ఎవరో చెప్పనక్కర్లేదు. ఊరి బయటి కాలనీ వాళ్ళు. పేపరు కోసం వచ్చే మగవాళ్ళు, పత్రికలు చదివే ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు, పోటీ పరీక్షలకు చదివే పిల్లలు. వాళ్ళకెవరూ వెళ్ళమని చెప్పలేదు. ఆర్డరు గోడకు అంటించగానే వాళ్ళే లేచి బయటికి నడిచారు. రైతులు మాత్రం హాల్లో ఫ్యాను కిందే ఉన్నారు. ఆర్డరు తమ గురించి కాదని వాళ్ళకెవరూ చెప్పలేదు. అదీ వాళ్ళకే తెలిసిపోయింది.

వరండాకు చేరినవాళ్ళలో ఎస్తేరు ఉంది. బీఈడీ చదివి డీయస్సీకి తయారవుతున్న పిల్ల. ఇంట్లో ఒకటే గది. అన్నా వదినా, వాళ్ళ పిల్లలు, మంచం పట్టిన నాయనమ్మ. ఆ పిల్లకు ఊరు మొత్తం మీద కాళ్ళు చాపుకుని, పుస్తకం పరుచుకుని చదువుకునే బల్ల మా హాల్లో మూలనున్నది ఒక్కటే. పొద్దున కల్లంలో కాయలేరి, స్నానం చేసి, మధ్యాహ్నం వచ్చి, నేను తాళం వేసేదాకా చదివేది. పరీక్ష దగ్గరపడింది. ఇప్పుడు వరండాలో ఎండ ముఖాన కొడుతుంది, గాలికి పేజీలు లేస్తాయి, ట్రాక్టర్లు చెవుల్లోంచి పోతాయి. ఫోన్లో పాఠాలు వినబోతే వినపడవు.

మూడు నాలుగు రోజులు ఓర్చుకుని గుమ్మం దగ్గరకొచ్చి నిలబడింది. లోపలికి అడుగు పెట్టలేదు. రెండు చేతులూ ముందుకు చాపింది.

"సబ్బుతో కడుక్కునే వచ్చా మేడం. వాసన చూడండి."

నేను ఆ చేతులు వాసన చూడలేదు. నాకు ఏడుపొచ్చింది. ఆ వెనకే కోపమొచ్చింది. ఏడుపుతో ఏం ఒరగలేదు గానీ కోపం మాత్రం బాగా పనికొచ్చింది.

ఆర్డరంటే ఆర్డరే

మర్నాడు పొద్దున వెంకటేశ్వర్లు గారు వచ్చేసరికి నేను గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చున్నాను.

"ఎక్కడి నుంచి బాబాయి గారూ?"

"కల్లం కాడి నుంచేనమ్మాయ్. రాత్రి మంచు పడింది గదా, దగ్గరుండి కాయ మీది పట్టాలు తీయించి వస్తన్నా."

"కాయ పట్టుకు చూశారా?"

"చూడకుండా ఎట్టా? తేమ ఉంటే యార్డులో వాడు ఊరుకుంటాడా?"

"అయితే వరండాలో కూర్చోండి బాబాయి గారూ. పేపరు నేనక్కడికే తెచ్చిస్తాను."

ఆయన ముందు నవ్వారు. నేను నవ్వలేదు. గోడ మీది ఆర్డరు చూపించి చదివి వినిపించాను. "ఇది వాళ్ళ గురించి కదమ్మాయ్!" అన్నారాయన. "ఎవరి గురించండీ?" అని అడిగాను. ఆయన వెనక్కి తిరిగి వరండాలో కూర్చున్నారు. ఆ మాట నోటితో చెప్పడానికి ఆయనకు సిగ్గనిపించింది. అందుకే ఆయన చెడ్డవారు కాదన్నాను.

వెనకే వచ్చిన రైతులందరికీ అదే ప్రశ్న, అదే జవాబు. ఆ ఊళ్ళో మిరప ముట్టని చెయ్యేది? ఆర్‌ఎంపీ డాక్టరు కూడా రెండెకరాలు కౌలుకు వేశాడు. పదకొండయ్యేసరికి వరండా తిరనాళ్ళయింది. కిటికీ బల్ల వాళ్ళూ, బీరువా బల్ల వాళ్ళూ, కాలనీ వాళ్ళూ అందరూ ఒకే అరుగు మీద ఇరుక్కుని కూర్చున్నారు. పేపర్లు చాలక ఒకరి పేపరు ఒకరు లాక్కున్నారు. హాల్లో నేనూ ఫ్యానూ మిగిలాం.

సాయంత్రానికి రెండు పార్టీల వాళ్ళూ కలిసి నా మీద అర్జీ పెట్టారు. ఆ ఊళ్ళో ఆ రెండు పార్టీలూ కలిసి చేసిన మంచి పని నాకు తెలిసి అదొక్కటే. ఆర్డరు అమలు చేసినందుకు నాకు సంజాయిషీ నోటీసు వచ్చింది. దూరంగా ఎక్కడికో బదిలీ ఉంటుందని కార్యాలయం నుంచి కబురు కూడా అందింది.

నాకు బదిలీలు కొత్త కాదు. పెట్టె సర్దడం పది నిమిషాల పని. కానీ నేను వెళ్తే ఆ ఆర్డరు గోడ మీదే ఉంటుంది, వచ్చే మనిషి రైతులను లోపల కూర్చోబెడతాడు, ఎస్తేరు బయటే ఉంటుంది. ఆ పిల్ల అప్పుడే అనేసింది కూడా: "నా మూలాన మీకెందుకు మేడం ఇదంతా? ఇంక రానులెండి." అది విన్నాక నేను ఒంగోలు బస్సెక్కాను, మా సంఘం దగ్గరికి.

సంఘం ఎందుకుంది

మా గ్రంథాలయ ఉద్యోగుల సంఘం అధ్యక్షుడు ప్రభాకరరావు గారు. నెమ్మదస్తుడు. ఎవరు వచ్చినా ముందు టీ చెప్పి, తర్వాత భయపడేవారు. ఆదివారం పూట సభ్యులను పిలిచారు. నేను జరిగింది చెప్పాను. తడి వేలు సంగతి దగ్గర అందరూ పడీ పడీ నవ్వారు. కులం మాట రాగానే నవ్వులు ఆగిపోయి అందరూ టీ గ్లాసుల్లోకి చూశారు.

"సుశీలమ్మా, మనది ఉద్యోగుల సంఘం" అన్నారు ప్రభాకరరావు గారు. "జీతాలు, ఖాళీ పోస్టులు, బదిలీలు. నీ బదిలీ ఆపమని అడుగుదాం, తప్పకుండా అడుగుదాం. ఈ కులం గొడవలు, రాజకీయాలు మనం నెత్తికెత్తుకోవద్దమ్మా. అందులో అసలు కులం మాటే లేదు కదా. కారం మాటే కదా ఉంది."

చాలామంది తలూపారు. నిజం చెప్పొద్దూ, వాళ్ళ స్థానంలో ఉంటే నేనూ ఊపేదాన్నేమో. పిల్లలున్న ఉద్యోగులు.

అప్పుడు వెనక వరసలోంచి మస్తాన్ లేచాడు. కొత్తపట్నం దగ్గర సముద్రపు ఒడ్డు ఊళ్ళో పనిచేస్తాడు. మామూలుగా మీటింగుల్లో భోజనం ఎప్పుడని తప్ప ఇంకేం అడగని మనిషి.

"సార్, మా పాఠకులంతా చేపలు పట్టేవోళ్ళు. నా పుస్తకాలన్నీ చేపల వాసనే. ఇయాల కారం చేతులు బయట అన్నారు. రేపు చేపల వాసన బయట అంటారు. ఎల్లుండి చెమట వాసన అంటారు. ఇంక లోపల కూర్చునేదెవరండీ? సెంటు కొట్టుకున్నోళ్ళా?"

ఎవరో పక్కున నవ్వారు. ఆ నవ్వుతో గదిలో బిగుసుకున్నదేదో వదిలింది. ఒక్కొక్కరే మాట్లాడటం మొదలుపెట్టారు. తమ ఊళ్ళో ఎవరు ఎక్కడ కూర్చుంటారో, ఎవరు కిటికీ అవతల నిలబడి పేపరు చూస్తారో. ఇన్నేళ్ళుగా అందరం చూస్తున్నదే. సంఘంలో పైకి అనుకోవడం మాత్రం అదే మొదలు.

చివరికి తీర్మానం చాలా చిన్నది. వరండా ఆర్డరు తీసేయాలి. మిరప ప్రాంతంలో ప్రతి శాఖ గుమ్మం దగ్గరా ఒక కుళాయి, సబ్బు ఉండాలి. పుస్తకం ముట్టే ప్రతి మనిషీ, పాఠకుడైనా, సిబ్బంది అయినా, తనిఖీకి వచ్చే అధికారి అయినా, చేతులు కడుక్కోవాలి.

దాన్ని పట్టుకుని జిల్లా కార్యాలయానికి ప్రభాకరరావు గారే ముందు నడిచారు. మేం ఏడెనిమిది మంది వెనక. కార్యదర్శి గారు చదివి నా వైపు నొచ్చుకుంటూ చూశారు.

"నేను కులం చూసి రాశానామ్మా?"

"లేదు సార్. వరండాలో ఎవరు కూర్చుంటారో చూడకుండా రాశారు."

ఆయన కాగితం మళ్ళీ మొదటి నుంచి చదివారు. అప్పుడు ప్రభాకరరావు గారు గొంతు సవరించుకుని, "ఆర్డరు ఉంటే సుశీలమ్మ దాన్ని అందరి మీదా అమలు చేస్తుంది సార్. ఆర్డరు తీస్తే గొడవా ఉండదు, బదిలీ చేయాల్సిన పనీ ఉండదు" అన్నారు. ఆయన నోట అంత గట్టి మాట నేను అంతకుముందు వినలేదు. భయపడే మనిషి కూడా నలుగురితో కలిసి వెళ్తే ధైర్యవంతుడి లాగే మాట్లాడతాడు. సంఘం ఉన్నది అందుకే. చందా కట్టి క్యాలెండరు తెచ్చుకోవడానికి కాదు.

కార్యదర్శి గారు మంచి మనిషే. ఆర్డరు వెనక్కి తీసుకున్నారు. నోటీసు కూడా వెనక్కి పోయింది.

తలుపు తెరిచాక

ఇక్కడితో కథ కంచికి వెళ్ళిందని మా సంఘం వాళ్ళు అనుకున్నారు. నన్ను అభినందిస్తూ వాట్సాప్ గ్రూపులో పూలగుత్తులు పెట్టారు. ఇక్కడే మీరు జాగ్రత్తగా వినాలి.

కుళాయి వచ్చింది. ఆర్డరు కాగితం నేనే చించాను. రైతులు ఆ పూటే లోపలికొచ్చి ఎవరి బల్ల దగ్గర వాళ్ళు కూర్చున్నారు. కాలనీ వాళ్ళు మాత్రం రాలేదు. చేతులు కడుక్కుని వరండాలోనే కూర్చున్నారు.

"లోపలికి రామ్మా" అంటే ఎస్తేరు, "ఇక్కడ గాలి బాగుందండీ" అంది. ఒంగోలు ఎండల్లో గాలి ఎంత బాగుంటుందో నాకు తెలియదా! పొమ్మంటే పోవడానికి ఒక్క క్షణం పట్టింది. రమ్మంటే మాత్రం ఎందుకొస్తారు? ఒకసారి లేచి వెళ్ళిన చోటికి మళ్ళీ వెళ్ళడం ఎంత కష్టమో, తన రోజుల్లో అలా లేచి వెళ్ళిన మా నాన్నను అడిగితే చెప్పేవారు.

నేను బతిమాలలేదు. చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కురాలేదు. అది ఇంకో రకం అవమానం. ఒక్కటే చేశాను. వరండాకు పుస్తకాలు అందించడం మానేశాను. "కావలసిన పుస్తకం లోపలికొచ్చి మీరే తీసుకోండి, నాకు మోకాళ్ళ నొప్పులు" అన్నాను. నా మోకాళ్ళు అప్పటికి భేషుగ్గా ఉన్నాయి.

మొదట గబగబా వచ్చి, తీసుకుని, గబగబా వెళ్ళేవాళ్ళు. తర్వాత బీరువా ముందు కాసేపు ఆగేవాళ్ళు. రెండు పుస్తకాలు పోల్చి చూసేవాళ్ళు. నేను తలెత్తేదాన్ని కాదు.

ఎస్తేరుకు ఆ ఏడు ఉద్యోగం రాలేదు, ఆ తర్వాతి డీయస్సీలో వచ్చింది. ఇప్పుడు మార్కాపురం వైపు పిల్లలకు లెక్కలు చెప్తోంది. కానీ నాకు గుర్తున్నది ఆ ఉద్యోగం వచ్చిన రోజు కాదు. దానికి చాలా ముందు, మండుటెండ మధ్యాహ్నం ఒకటి.

హాలు నిండుగా ఉంది. ఎస్తేరు కుళాయి దగ్గర చేతులు కడుక్కుని, లోపలికొచ్చి, బీరువాలోంచి లావుపాటి పుస్తకం తీసింది. గుమ్మం వైపు రెండడుగులు వేసి ఆగింది. బయట ఎండ చూసింది. వెనక్కి తిరిగి తిన్నగా కిటికీ బల్ల దగ్గరికి నడిచి, ఖాళీగా ఉన్న కుర్చీ లాక్కుని, వెంకటేశ్వర్లు గారి ఎదురుగా, ఫ్యాను కింద కూర్చుంది.

పేపర్లన్నీ ఒక్కసారి కిందికి దిగాయి. వెంకటేశ్వర్లు గారు కళ్ళజోడు పైనుంచి ఆ పిల్లను చూశారు. చాలాసేపు చూశారు. నేను రబ్బరు స్టాంపు పట్టుకుని అలాగే ఉండిపోయాను.

ఎస్తేరు పుస్తకం తెరిచి, తలెత్తి, ఎంతో మర్యాదగా అంది:

"సర్పంచి గారూ, నేను చేతులు కడుక్కునే వచ్చానండీ. మీరు కడుక్కున్నారా?"

వెంకటేశ్వర్లు గారు తన చేతుల వైపు చూసుకున్నారు. పేపరు మడిచి బల్ల మీద పెట్టారు. లేచి బయటికి వెళ్ళారు. కుళాయి తిప్పిన చప్పుడు హాలంతటికీ వినిపించింది.

చేతులు పంచెకు తుడుచుకుంటూ తిరిగొచ్చి అదే కుర్చీలో కూర్చున్నారు.

"ఊఁ, చదువుకో" అన్నారు.

ఎస్తేరు అప్పటికే చదువుకుంటోంది.